బొమ్మలోని మూట

ప్రాతో,
8 ఫిబ్రవరి 1998

యాఫెన్‌కి,

పిన్ని గ్వీలాన్ దీవెనలు. ఇక్కడ చలి తగ్గలేదు, నా మోకాళ్ల నొప్పీ తగ్గలేదు. మన చైనా కొత్త సంవత్సరం పండగకి ఇక్కడున్న వెన్‌జౌ వాళ్లందరం కలిసి డ్రాగన్ ఆడించాం. వీధిలోకి కార్లు రాకుండా పోయాయని ఇటలీ వాళ్లు గొణిగారు. గొణగనీ.

నీ ఉత్తరం పనిలో ఉండగా అందింది. చదువుతూ చదువుతూ మిషను ముందునుంచి లేచి నిలబడిపోయాను. పక్కన కుడుతున్నావిడ కంగారుపడి, "ఎవరైనా పోయారా అక్కా?" అంది. "పోవడమేమిటమ్మా, మా అక్క కూతురికి పెళ్లి కుదిరితే!" అన్నాను. మీ అమ్మ పోయినప్పుడు నువ్వు నా చెయ్యి పట్టుకుని రేవుదాకా నడిచిన పిల్లవి. ఇప్పుడు బుడాపెస్ట్ బజారులో సొంత కొట్టు పెట్టి, పిల్లల జాకెట్లు అమ్ముతూ, నీ మొగుణ్ని నువ్వే వెతుక్కున్నావు. ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశాను.

అబ్బాయి పేరు మిక్లోష్, లిఫ్టులు బాగుచేస్తాడు అని చదివి మూతి ముడిచాను, దాచుకోను. ఒకరి దగ్గర జీతానికి చేసేవాడా మన ఇంటి అల్లుడు అనుకున్నాను. పేజీ తిప్పితే అప్పుడు రాశావు, వాళ్లు యూదులని. ముందే చెప్పొద్దూ పిచ్చిమొహమా! మన వెన్‌జౌ వాళ్లని లోకమంతా ఏమంటుంది? తూర్పుదేశపు యూదులు అంటుంది. వ్యాపారం తెలిసిన జాతులు రెండే రెండు, వాళ్లూ మనమూ. రెండూ ఒక ఇంట్లో కలిస్తే ఇంకేం కావాలే! లిఫ్టుల పని పైకి చెప్పుకోవడానికి అయ్యుంటుంది. వాళ్లు చూపించుకోరట, మనలాగే. లోపల ఎన్ని మేడలున్నాయో మెల్లగా కనుక్కో.

వాళ్లు పంది మాంసం ముట్టరని విన్నాను. పెళ్లికి నేను తేవాలనుకున్న పంది కాలు మానేశాను. చూశావా, నీ పిన్నికి మర్యాద తెలుసు.

మీ అత్తగారిని నా మాటగా అడిగానని చెప్పు.

నీ పిన్ని
గ్వీలాన్

బుడాపెస్ట్,
20 ఫిబ్రవరి

పిన్నీ,

నీ ఉత్తరం బజారులో విప్పాను. చేతులు గడ్డకట్టుకుపోయి, కాగితం పట్టుకోవడానికి తొడుగులు తీయాల్సి వచ్చింది. చదివి నవ్వాను గానీ, ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

మేడలు లేవు పిన్నీ. చెప్తున్నాను విను. మిక్లోష్ నిజంగానే లిఫ్టులు బాగుచేస్తాడు. వాళ్ల ఇల్లు మూడో అంతస్తులో రెండు గదులు. ఊరందరి లిఫ్టులూ బాగుచేసే మనిషి ఇంట్లో లిఫ్టు పోయిన వేసవి నుంచీ కదలదు. ఆ విషయం ఎత్తితే వాళ్లమ్మా అతనూ పోట్లాడుకుంటారు. అత్తగారి పేరు క్లారా. సంగీత నాటకశాలలో కోరస్ పాడి రిటైరయ్యారు. వంట చేస్తూ పాడతారు, కూర మాడినా పాట ఆపరు. నన్ను "పిల్లా" అని పిలుస్తారు. మొదటిరోజు "మీ చైనా వాళ్లకి జబ్బులే రావటగా, నిద్రకూడా అక్కర్లేదటగా" అన్నారు. ఆ రోజు నాకు జలుబు చేసి ముక్కు కారుతోంది. చూసి ఆవిడే నవ్వేశారు.

ఇంకోటి రాయాలి. మొన్న నాకూ అత్తగారికీ మెట్ల మీద కింది అంతస్తు ముసలాయన ఎదురయ్యాడు. మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, "పాత యూదులు తగ్గిపోయారు, వాళ్ల చోటికి ఈ కొత్త యూదులు దిగారు. బజారంతా మీదే కదా ఇప్పుడు" అని నవ్వాడు. ఆయన మామూలుగా మంచివాడే, మా జాకెట్లు మోసి పెడుతుంటాడు. నేనూ మర్యాదకి నవ్వాను. అత్తగారు నవ్వలేదు. ఇంట్లోకొచ్చి కోటు విప్పకుండా చాలాసేపు కుర్చీలో కూర్చున్నారు. ఆ రోజు పాట లేదు.

నీకు ఆ మాటంటే ఇష్టమని తెలుసు, మనవాళ్లందరికీ ఇష్టమే. కానీ ఆవిడ ముందు అనకు. ఎందుకో నేను సరిగ్గా అడగలేకపోయాను.

పెళ్లి మే నెలాఖరులో, మునిసిపాలిటీ ఆఫీసులో. నువ్వు రాకుండా నేను సంతకం పెట్టను. నాకున్నది నువ్వొక్కదానివే.

యాఫెన్

ప్రాతో,
4 మార్చి

యాఫెన్,

దేనికే అంత భయం? ఆ ముసలాయన తిట్టలేదుగా, పొగిడాడు. బజారంతా మీదే అంటే ఏడవాల్సిందేముంది? మా వీధిలో ఇటలీ వాళ్లు నన్ను చూసి "మీవాళ్లు ఊరు మొత్తం కొనేస్తున్నారు సుమా" అంటారు. నేను తల ఎత్తుకుని నడుస్తాను. బహుశా మీ అత్తగారికి ఆయన మాట తీరు నచ్చి ఉండదు. పాటలు పాడేవాళ్లకి మనసు సున్నితం.

నేనొక పార్సిల్ పంపాను. నీ పేరున కాదు, నేరుగా వియ్యపురాలి పేరున, మర్యాదగా. అందులో బియ్యప్పిండితో చేసిన పండగ బిళ్లలున్నాయి. నీళ్లలో నానబెట్టి సన్నగా కోసి వేయించమను. ఇంకొకటి అసలైన కానుక, పుస్తకం. డబ్బు సంపాదనలో యూదుల రహస్యాల గురించి మనవాళ్లు రాసింది. బంగారు రంగు అట్ట. వెన్‌జౌలో ఇది లేని ఇల్లు లేదు. నా కాపీని మూడుసార్లు చదివాను, అంచులు నలిగాయి గానీ అదే పంపాను. కొత్తది కొని పంపొచ్చు. అయినా మనసుకి దగ్గరైందాన్ని ఇస్తేనే కదా కానుక అవుతుంది. ఆవిడకి చైనా భాష రాకపోతేనేం, అట్ట చూస్తేనే మనం వాళ్లని ఎంత గొప్పగా చూస్తామో తెలుస్తుంది.

ఆవిడ సంతోషంగా ఉన్న సమయం చూసి ఒక మాట అడిగిపెట్టు. ఇక్కడ నాకొక స్నేహితురాలుంది. కోట్లు కుట్టించే వర్క్‌షాపు నడిపేది, అది దెబ్బతింది. మళ్లీ నిలబడాలంటే ఏం చేయాలో వాళ్ల పద్ధతిలో ఏదైనా చెప్పగలరేమో. నేను అడిగానని చెప్పకు.

నేను బాగానే ఉన్నాను. అదే పనిగా అడగకు.

పిన్ని

బుడాపెస్ట్,
19 మార్చి

పిన్నీ,

ఎంత పని చేశావు! ఒక్క మాట నన్ను అడిగి పంపితే నీ సొమ్మేం పోయేది?

పార్సిల్ వచ్చినప్పుడు నేను బజారులో ఉన్నాను. అత్తగారి పేరున ఉంది కాబట్టి ఆవిడే విప్పుకున్నారు. నేను ఇంటికి వెళ్లేసరికి బిళ్లలు బల్ల మీదే ఉన్నాయి, పుస్తకం లేదు, ఆవిడ గది తలుపు వేసి ఉంది. మిక్లోష్ గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "మీ పిన్ని మా అమ్మకి ఏం పంపిందో తెలుసా?" అన్నాడు. నాతో ఎప్పుడూ ఆ గొంతుతో మాట్లాడలేదు.

అట్ట మీద బొమ్మ గుర్తుందా నీకు? వంకీ తిరిగిన పెద్ద ముక్కు, నల్ల టోపీ, ఒళ్లో డబ్బు మూట, దాని మీద పెట్టిన గోళ్లున్న వేళ్లు. వెన్‌జౌలో ప్రతి ఇంట్లో నేనూ చూశాను. ఒక్కసారీ దాన్ని పట్టించుకుని చూడలేదు. అది నా తప్పు. పంపడం నీ తప్పు.

మర్నాడు ఆవిడ బయటికొచ్చి నాతో నెమ్మదిగానే అన్నారు. "నీ మీద నాకే కోపమూ లేదు పిల్లా. కానీ ఈ బొమ్మ పంపిన మనిషితో ఒక బల్ల దగ్గర కూర్చుని పెళ్లి భోజనం చేయలేను. నన్ను అడగకండి." మిక్లోష్ అమ్మ లేకుండా పెళ్లి చేసుకోనంటాడు. నేను నువ్వు లేకుండా చేసుకోనన్నాను. ఇదీ సంగతి. ఇప్పుడేం చేయమంటావో నువ్వే చెప్పు.

నీ స్నేహితురాలి వర్క్‌షాపు గురించి అడగలేదు. అడిగే మొహం నాకు లేదు. మేడలున్నాయా, రహస్యాలున్నాయా అని మొదటినుంచీ నీకు అదే ధ్యాస. పెళ్లి నాకా, నీ వ్యాపారానికా?

యాఫెన్

ప్రాతో,
27 మార్చి

యాఫెన్,

నీ ఉత్తరం అందింది.

గౌరవంగా ఇచ్చిన దాన్ని మొహాన కొట్టడం ఏ ఊరి పద్ధతి? నేను తిట్టానా? దొంగలన్నానా? తెలివైనవాళ్లన్నాను. నన్నెవరైనా అలా పొగిడితే పీట వేసి కూర్చోబెట్టి నూడుల్స్ వండిపెడతాను. ముక్కు బొమ్మ నేను గీశానా?

అసలు కారణం వేరే అని నాకు తెలుసు. నాటకశాలలో పాడిన ఆవిడ పక్కన, మిషను కుట్టే పిన్నిని కూర్చోబెట్టడానికి నీకే సిగ్గు. అదేదో సూటిగా చెప్పు. పెళ్లి చేసుకోండి. నేను రాను. నా మోకాళ్లు ఎలాగూ బాగాలేవు.

గ్వీలాన్

బుడాపెస్ట్,
8 ఏప్రిల్

పిన్నీ,

సిగ్గా? నీ గురించి నాకు సిగ్గా? ఆ మాట రాసిన చెయ్యి నా ఎదురుగా ఉంటే పట్టుకుని గిల్లేదాన్ని.

మిక్లోష్ చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. కోపం లేకుండా చదువు.

అత్తగారి నాన్నకి ఈ పేటలోనే గుండీల కొట్టు ఉండేది. చిన్న కొట్టు, గోడ నిండా గుండీల సొరుగులు. యుద్ధానికి ముందు కొట్టుకొచ్చే వాళ్లంతా ఆయనతో, "మీవాళ్లకి డబ్బు కళ తెలుసండీ" అనేవారట. నవ్వుతూ, పొగడ్తగానే. తర్వాత అదే మాట నవ్వకుండా అన్నారు. తర్వాత ఒకరోజు పొద్దున కొట్టు తలుపు మీద ఒక బొమ్మ అంటించి ఉంది. అదే ముక్కు, అదే మూట, అవే వేళ్లు. అత్తగారు అప్పటికి చిన్నపిల్ల. గోళ్లతో గీకి దాన్ని పీకడానికి చూశారట, రాలేదు. కొన్నాళ్లకి కొట్టు పోయింది. తర్వాత పేటలోని యూదులతో పాటు నాన్ననీ తీసుకుపోయారు. ఆయన తిరిగి రాలేదు.

ఇది తెలిశాక ఆ ముసలాయన మాట కూడా నాకు అర్థమైంది. బజారంతా మీదే అంటే అది మన దగ్గరున్నదాన్ని లెక్క వేయడం పిన్నీ. పొగడ్త కాదు.

ఈ నెలాఖరుకి నేనూ మిక్లోష్ తూర్పువైపు ఊళ్లకి వెళ్తున్నాం, మే డే సంతలున్నాయి, సరుకు కదలాలి. అతను వ్యాను నడుపుతాడు. మేము మాట్లాడుకుంటూనే ఉన్నాం, పెళ్లి మాట తప్ప. దెబ్రెత్సెన్‌లో మన ఊరివాళ్ల కొట్టు చిరునామా కింద రాశాను. రాయాలనిపిస్తే అక్కడికి రాయి.

నువ్వు రానంటే నేను నమ్మను.

నీ యాఫెన్

బుడాపెస్ట్,
27 ఏప్రిల్

యాఫెన్ తల్లీ,

పైన ఊరి పేరు చూశావుగా. కంగారుపడకు, తప్పు రాయలేదు. మీ అత్తగారి వంటింట్లో, కిటికీ పక్కన బల్ల మీద రాస్తున్నాను. ఆవిడ నా వెనకాలే ఉల్లిపాయలు తరుగుతూ పాడుతోంది. ఎవరో పొడుచుకుని చచ్చిపోయే పాటలా ఉంది.

మొదటినుంచీ చెప్తాను.

నీ ఉత్తరం చదివాక కూడా నాకు పూర్తిగా ఎక్కలేదు. పాపం అనుకున్నాను, కానీ ఎక్కడో ఆ కాలంలో, ఎవరో చెడ్డవాళ్లు అనుకున్నాను. తర్వాత ఒక ఉదయం మా వీధి చివర కాఫీ కొట్టు గోడ మీద ఒక కాగితం అంటించి ఉంది. కింద ఎవరి పేరూ లేదు. చీలికల్లాంటి కళ్లు, బయటికి పొడుచుకొచ్చిన పళ్లు, ఒక చేత్తో కుట్టుమిషను వాటేసుకున్న చైనా మనిషి. నిజం చెప్పనా, మొదట నాకు నవ్వొచ్చింది. మా పాత ఇంటి యజమానిలా ఉన్నాడు. తర్వాత రెండో చెయ్యి చూశాను. ఒళ్లో మూట, మూట మీద గోళ్లున్న వేళ్లు. నాకు ఆ మూట తెలుసే. మూడుసార్లు చదివిన పుస్తకం కదా, కళ్లు మూసుకున్నా గీయగలను. కొట్టు లోపల నలుగురు మనుషులు దాన్నే చూసి నవ్వుకుంటున్నారు. రోజూ నాకు నమస్కారం పెట్టే కాఫీ అబ్బాయి ఆ రోజు గ్లాసులు తుడుస్తూ తల ఎత్తలేదు.

అప్పుడు ఎక్కింది నాకు. మీ అత్తగారు గోళ్లతో గీకింది ఇదేనా అనుకున్నాను. నేనూ గీకాను. జిగురు ఇంకా ఆరలేదు కాబట్టి వచ్చేసింది. మడిచి కోటు జేబులో పెట్టుకున్నాను.

ఇంకో సంగతి. ఆ బొమ్మలో వాడికి మూటెడు డబ్బుంది. నాకు వర్క్‌షాపే లేదు. శరదృతువులోనే మూసేశాను. ఆ స్నేహితురాలెవరో నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఇప్పుడు వేరేవాళ్ల దగ్గర జేబులు కుడుతున్నాను. వెన్‌జౌ మనిషై పుట్టి ఒకరి కింద పనిచేస్తున్నానని ఎలా రాయమంటావు? తూర్పుదేశపు యూదులం అని ఊరంతా చాటుకున్న నోరు ఇది. అందుకే ఆ పుస్తకం అన్నిసార్లు చదివాను. వాళ్లకి తెలిసి నాకు తెలియని రహస్యం ఏదో ఉందని. నాకు అంత విలువైంది కాబట్టే పంపానే తల్లీ.

వీసాకోసం రోమ్ వెళ్లి నిలబడి, రైలెక్కి వచ్చాను. నీకు చెబితే వద్దంటావని చెప్పలేదు. మూడు అంతస్తులూ ఎక్కాను. అల్లుడికి చెప్పు, ఆ లిఫ్టు సంగతి చూడకపోతే నేనూ పోట్లాడతాను.

ఆవిడ గొలుసు తీయకుండానే తలుపు తెరిచింది. నేనెవరో మొహం చూసే పోల్చుకుంది, నీ ఫొటోల్లో ఉన్నానుగా. నాకు ఆవిడ భాష రాదు, ఆవిడకి నా భాష రాదు. ఇటలీ భాష ఇద్దరికీ కాస్త వచ్చు. కానీ నాది వర్క్‌షాపులో నేర్చుకున్నది, ఆవిడది పాటల్లో నేర్చుకున్నది. నేను జేబులోంచి కాగితం తీసి గొలుసు సందులోంచి లోపలికిచ్చాను. ఆ భాషలో క్షమించమనడం ఎలాగో నాకు రాదు, వర్క్‌షాపులో నాతో ఎవరూ ఎప్పుడూ ఆ మాట అనలేదు. నాకొచ్చిన మాటలే చెప్పాను. "ఈ పీసు తప్పు కుట్టాను. తప్పు నాది. విప్పేస్తాను. మళ్లీ కుడతాను. కూలి వద్దు."

ఆవిడ కాగితం చూసింది. నన్ను చూసింది. తలుపు మూసేసింది. అయిపోయింది, ఇంక రైలుకి వెళ్లడమే అనుకున్నాను. ఆ మూయడం గొలుసు తీయడానికట.

లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టి, బీరువా అడుగునుంచి వార్తాపత్రికలో చుట్టిన నా పుస్తకం తెచ్చింది. పారేయలేదు చూడు. రెండు బొమ్మలూ ఈ బల్ల మీదే పక్కపక్కన పెట్టింది. వీడి ముక్కూ వాడి కళ్లూ వేరు. మూట అదే, వేళ్లు అవే, ఆఖరికి మూటకి కట్టిన ముడి కూడా అదే. ఆవిడ ఆ ముడి మీద వేలు పెట్టి, "ఓ ద్రోహీ! ఓ సోమరీ!" అంది. కొత్త మూట గీయడానికి కూడా బద్ధకమేనా వీడికి అని ఆవిడ ఉద్దేశం. నాకు నవ్వొచ్చింది, ఆవిడకీ వచ్చింది. ఆవిడ నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎంత తేలికైందో చెప్పలేనే.

పంది మాంసం మానేశానని గొప్పగా రాశానుగా. ఆవిడ మొదటి పూటే ఎర్ర మిరపపొడి వేసి పంది మాంసం పులుసు పెట్టింది. "మీవాళ్లు తినరటగా?" అంటే, "ఎవరు చెప్పారు? ఆ పుస్తకమా?" అని గరిటె చూపించింది.

తినేటప్పుడు నా వర్క్‌షాపు సంగతి చెప్పేశాను. నీకు చెప్పలేనిది ఆవిడకి ఎలా చెప్పానో నాకే తెలియదు. రహస్యం ఏదైనా ఉంటే చెప్పండి వదినగారూ అన్నాను, అలా అనలేదులే, "వర్క్‌షాపు మూత, ఏం చేయాలి?" అన్నాను. ఆవిడ చెంచా కింద పెట్టి వాళ్లాయన కథ చెప్పింది. ఆయన మూడు వ్యాపారాలు పెట్టి మూడూ ముంచాడట. గొడుగుల కొట్టు పెట్టిన ఏడాది వానలు దంచికొట్టాయట, అయినా నష్టమేనట. అడిగినవాళ్లందరికీ అరువిచ్చి, చివరికి ఆయనే తడుస్తూ ఇంటికొచ్చేవాడట. "వానాకాలంలో గొడుగులమ్మి దివాలా తీసిన యూదుడు మా ఆయన. ఇరుగుపొరుగు మాత్రం ఆఖరిదాకా మేం పరుపు కింద బంగారం దాచామనే నమ్మారు" అంది. ఆ పరుపు మీదే నేను పడుకుంటున్నాను. బంగారం లేదు సరికదా, మధ్యలో స్ప్రింగు గుచ్చుకుంటోంది.

నీ పెళ్లి గౌను గుడ్డ కొన్నాం. నేను కుడతాను, గుండీలు ఆవిడ పెడుతుంది. వాళ్ల నాన్న కొట్టులోవి ఒక డబ్బాలో మిగిలాయట, ఇన్నాళ్లూ దేనికీ వాడలేదట.

త్వరగా రండి. ఆవిడకి నూడుల్స్ వండటం నేర్పాను, మాడ్చింది.

పిన్ని

దెబ్రెత్సెన్,
30 ఏప్రిల్

పిన్నికీ, అత్తగారికీ,

(పిన్నీ, ఇది ఆవిడకి చదివి వినిపించు, నీ వర్క్‌షాపు భాషలో.)

ఉత్తరాన్ని మన ఊరి కొట్టువాళ్లు సంత మధ్యలోకి తెచ్చిచ్చారు. మొదటి వాక్యం చదివి జాకెట్ల మూట మీద కూలబడ్డాను. ఎవరో పోయారనుకుని మిక్లోష్ పరిగెత్తుకొచ్చాడు. మన ఇంట్లో శుభవార్త వస్తే అందరూ అలాగే అనుకుంటారేమో. చదివి చెప్తుంటే అతను వ్యాను తలుపుకి ఆనుకుని అటు తిరిగి నిలబడ్డాడు. గొడుగుల దగ్గరికి వచ్చేసరికి భుజాలు కదులుతున్నాయి. నవ్వో ఏడుపో నేను అడగలేదు. తర్వాత, "ఆ గుండీల డబ్బా మా అమ్మ నన్ను కూడా ముట్టుకోనివ్వలేదు" అన్నాడు.

పిన్నీ, శరదృతువు నుంచీ ఒక్కదానివే మోశావా? నేనేమో పెళ్లి నాకా, నీ వ్యాపారానికా అని రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు తిరిగి ప్రాతో వెళ్లి ఎవరి జేబులూ కుట్టనక్కర్లేదు. నా కొట్టులో సగం చోటు ఖాళీగానే ఉంది. బాసు ఎవరనేది మనం పోట్లాడి తేల్చుకుందాం.

ఆ రెండు బొమ్మలూ కాల్చొద్దు. మిక్లోష్ ఒక మాటన్నాడు, మీ ఇద్దరికీ రాయమన్నాడు. రేపు మాకు పిల్లలు పుడితే, ముక్కు ఒకరిదీ కళ్లు ఒకరివీ వస్తే, ఆ బొమ్మలు గీసేవాడు ఏం చేస్తాడట? పాపం వాడు మొదటిసారి కష్టపడి కొత్త బొమ్మ గీయాలి.

ఎల్లుండి బయల్దేరతాం. పెళ్లి భోజనంలో మీరిద్దరూ ఒకే బల్ల దగ్గర, పక్కపక్కన కూర్చోవాలి. వచ్చినవాళ్లకి ఏమైనా చెప్పండి, పాడండి, ఏడవండి. వ్యాపారం గురించి మాత్రం ఎవరికీ సలహా ఇవ్వకండి.

మీ
యాఫెన్